పై మడి వాళ్ళు కింది మడిలో నాటాలి

మా అమ్మకు అరవై దాటాయి. పాలకొండ సంతకు తప్ప ఈ ప్రయాణం దాకా ఊరు దాటి ఎరగదు. అలాంటి మనిషి వరినాట్లు ఎలా వేయాలో చెప్పడానికి ఆదోని దాకా రైల్లో వెళ్ళిందంటే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మనివాళ్ళున్నారు. వాళ్ళ కోసమూ, ఆ వైపు ఎన్నడూ వెళ్ళని తక్కినవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను. నేను బడిపంతులును. వ్యవసాయం నాకూ తెలుసని అనుకునేవాణ్ణి. తెలిసింది ఎంతో ఈ ప్రయాణంలో తేలిపోయింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో కొండల మొదట్లో ఉన్న ఊరు. కొండవాలును మెట్లు మెట్లుగా మలిచి, రాతిగట్లు కట్టి, ఒక్కొక్క మెట్టునూ ఒక మడిగా చేసి వరి పండిస్తాం. పైన కొండల్లో ఉండే సవరలను చూసి మా తాతలు నేర్చుకున్న పని అది. ఆషాఢంలో మా బావమరిది దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన ఆదోనిలో తుంగభద్ర కాలువ పనుల మీద ఉన్నాడు. ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లెవాళ్ళు, కాలువ వచ్చిన సంబరంలో గుట్టవాలును మెట్లుగా మలిచారట. రెండేళ్ళు వరుసగా నాట్లు పాడైపోయాయట. వరీ లేక, అంతకుముందు వేసే జొన్నా లేక, ఆ ఇళ్ళవాళ్ళు తలుపులకు తాళాలు వేసి సుగ్గికి పోయారట. సుగ్గి అంటే కోతల కాలంలో కుటుంబాలతో సహా పరాయి ప్రాంతాలకు కూలికి పోవడం. ఈ ఏడూ పంట పోతే గట్లు తవ్వేసి మళ్ళీ జొన్నే వేస్తారట.

ఈ పని తెలిసినవాళ్ళు ఒక్కరు వచ్చి చూస్తే చాలు అని రాశాడు. నేను పెట్టె సర్దుకుంటూంటే అమ్మ గుమ్మంలో నిలబడింది.

"నువ్వెల్లి ఏటి సెప్తావురా బావూ? నాటేది నేను గదా" అంది.

ఇద్దరం బయలుదేరాం.

ఆదోని

రైలు దిగగానే కళ్ళలో పడింది దుమ్ము కాదు, దూది. పత్తి మిల్లుల నుంచి నూగు గాలిలో ఎగిరి కరెంటు తీగల మీద, మనుషుల తలపాగాల మీద వాలుతూ ఉంటుంది. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఈళ్ళు దీన్నే పీలుస్తారా?" అంది. బజారులో సేట్లు పరుపుల మీద కూర్చుని బేరాలు చేస్తున్నారు. ఒక్క దుకాణంలోనే తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించాయి. వాళ్ళకు మూడూ వచ్చు. నాకు వచ్చిన ఒక్క తెలుగూ వాళ్ళకు సరిగ్గా అర్థం కాలేదు. మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయని అడిగితే ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "మీదే వూరప్పా?" అని ఎదురు అడిగాడు.

పొద్దున ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ ఇస్తారు. ఇద్దరికీ కలిపి నాలుగణాలు. రుచి బాగుందని రెండో బజ్జీ కొరికాను. ఆ కారానికి చెంబెడు నీళ్ళు తాగాల్సి వచ్చింది. అమ్మ నాలుగు తింది.

బావమరిదికి కాలువ మీద పని తెమలలేదు; మమ్మల్ని తీసుకుపోవడానికి ఆ పల్లె నుంచి హనుమంతప్ప అనే రైతు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ దాకా ఎగగట్టిన పంచె, ఎండకు నల్లబడిన భుజాలు. ఆ మెట్లు తవ్వాలన్న ఆలోచన ఆయనదే. అమ్మ కాళ్ళకు మొక్కి, "మీరు వచ్చినారు, అంతే సాలు పెద్దమ్మా" అన్నాడు. ఆ మాటలో మర్యాద కన్నా అలసట ఎక్కువ వినిపించింది.

ఉరుకుంద బస్సులో

శ్రావణమాసం. బస్సు నిండా ఉరుకుంద ఈరన్న తిరునాళ్ళకు పోయే జనం. టెంకాయలు, కోళ్ళు, గుండ్లు కొట్టించుకోబోయే పసిపిల్లలు. నాకు నిలబడే చోటు కూడా సరిగా లేదు. అమ్మను మాత్రం ఒకావిడ తన పక్కన కూర్చోబెట్టుకుని, మూట విప్పి జొన్నరొట్టె, పైన వేరుశనగ పొడి పెట్టింది.

"మీ తట్టు అన్నం తినరా తల్లీ?" అని అమ్మ అడిగింది.

"పండక్కి తింటాం పెద్దమ్మా. జరం వస్తే తింటాం."

మేము మూడు పూటలా తినేది అన్నమే. మా ఇంట్లో జ్వరం వస్తే అన్నం మానిపిస్తాం. అమ్మ ఆ రొట్టెను చాలాసేపు నమిలింది. దిగేటప్పుడు నాతో, "ఈళ్ళు రెండేళ్ళు జొన్న కూడా ఒదులుకున్నారంటే ఆషామాషీ కాదురా" అంది. అప్పటిదాకా నాకు ఇదొక విహారయాత్రలాగానే ఉంది. ఆ మాటతో కొంచెం సిగ్గు వేసింది.

బస్సు దిగాక పల్లెకు రెండు మైళ్ళు నడక. ముందురోజు వాన పడింది. నల్లరేగడి గురించి పుస్తకాల్లో చదివి పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి నేను. పది అడుగులు వేశానో లేదో నా కుడికాలి చెప్పు దానిలో దిగబడి మళ్ళీ కనిపించలేదు. హనుమంతప్ప చేయి పెట్టి వెతకబోతే వద్దన్నాను. రెండో చెప్పును నేనే గట్టు మీద వదిలేశాను.

గుట్ట కింద తొమ్మిది మళ్ళు

రాతిగుట్ట నడుమును చుట్టుకుంటూ కాలువ పోతుంది. కాలువ కింద ఎర్రనేల, వాళ్ళు వంక అనే చిన్న వాగు దాకా వాలుగా దిగుతుంది. ఆ వాలులో తొమ్మిది మెట్లు, తొమ్మిది ఇళ్ళవి. కాలువను ఆనుకున్న మొదటి మడి ఈరమ్మ అనే ఆవిడది. వంక ఒడ్డున ఉన్న చివరి మడి హనుమంతప్పది. నీళ్ళు పై మడిలో పడి, గట్టులోని గండి గుండా రెండోదానిలోకి, అలా తొమ్మిదో దాకా దిగాలి. ఆ గండిని వాళ్ళు మడవ అంటారు.

నాకు చూడగానే ముచ్చటేసింది. రాయి మీద రాయి పేర్చి ఎంత చక్కగా కట్టారో! అమ్మ మాత్రం ఒక్క మాటా అనకుండా ఒక్కో మడిలోకి దిగి, ఒక్కో గట్టు మీద నడిచి వచ్చింది. కిందటేడు నాట్లు ఎలా వేశారో చేసి చూపించమంది. హనుమంతప్ప వంగి, వేళ్ళతో బెత్తెడు లోతు గుంట చేసి, నారు మొక్కను దించి, మన్ను కప్పి, మడమతో గట్టిగా తొక్కాడు.

"గాలికి పడిపోకుండా" అన్నాడు.

అది మిరపనారు నాటే పద్ధతి. మెట్టపొలంలో పుట్టి పెరిగినవాళ్ళు, చెంబుతో నీళ్ళు పోసి మిరప బతికించుకున్నవాళ్ళు, వరినీ అలాగే నాటారు. రెండేళ్ళ నారు ఆ మడమల కింద పిలకలు వేయలేక, మొదలు కుళ్ళి పోయింది. వాళ్ళను చూసి నవ్వడానికి నాకు మనసు రాలేదు. అంత జాగ్రత్తగా తొక్కారు పాపం.

మరునాటి నుంచి అమ్మ చెప్పడం, తొమ్మిది ఇళ్ళవాళ్ళూ చేయడం. మళ్ళు వంక వైపు ఒరిగి ఉన్నాయి. వాటిని నీళ్ళు పెట్టి దున్నించి, బరువైన పలకను ఎద్దులకు కట్టించి, పళ్ళెంలో నీళ్ళు నిలిచినట్టు నిలిచేదాకా చదును చేయించింది. మడవలన్నీ ఒకే వరుసలో ఉన్నాయి, నీళ్ళు తిన్నగా కిందికి జారిపోయేలా. వాటిని పూడ్చి, ఒక మడికి కుడి మూల, తరువాతి మడికి ఎడమ మూల తెరిపించింది. అప్పుడు నీళ్ళు మడి అంతా అడ్డంగా నడిచి తడిపితే గానీ కిందికి దిగవు. నీళ్ళు పడేచోట మన్ను కోసుకుపోకుండా ఒక్కొక్క బండ వేయించింది.

బండ వేసే పని వచ్చినప్పుడు మాత్రం హనుమంతప్ప గునపం పక్కవాడికి ఇచ్చి తప్పుకున్నాడు. నేను చూశాను గానీ కారణం తెలియలేదు.

ఎమ్మిగనూరు సంత

పలకకు తాళ్ళు కావలసి ఎమ్మిగనూరు సంతకు వెళ్ళాం. ఆ ఊళ్ళో ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడే. అమ్మ ఒక నేతగాడి ఇంటి ముందు ఆగిపోయి, గుంటలో కాళ్ళు పెట్టుకుని అతను నేస్తూంటే చూసి, "పొద్దత్తమానం కాళ్ళు గుంటలోనే! మావి బురదలో" అంది. అతను నవ్వి కూర్చోమన్నాడు. అక్కడే నేను ఒక తువ్వాలు కొన్నాను. చెప్పులు కూడా కొన్నాను, అమ్మ వెక్కిరింపులు భరించలేక.

తిరుగు దారిలో అమ్మ మా వైపు కట్టుబాటు ఒకటి హనుమంతప్పకు చెప్పింది. మా కొండల్లో నాట్ల నాడు, నీళ్ళు ముందు అందేవాళ్ళు తమ మడిలో నాటరు. అన్నిటికన్నా కింద ఉన్న మడికి వచ్చి నాటుతారు. పై మడిని తక్కినవాళ్ళంతా కలిసి నాటుతారు. తన చేత్తో నాటిన నారుకు ఎవరూ నీళ్ళు ఆపేయరని పెద్దలు పెట్టిన పద్ధతి. ఈ పల్లెలో రెండేళ్ళూ పైవాళ్ళు ఎండలు ముదరగానే మడవలు మూసుకున్నారు. కింద నాలుగు మళ్ళూ నెర్రెలు విచ్చాయి. నాటే తీరు మారినా ఇది మారకపోతే పంట చేతికి రాదని అమ్మ తేల్చి చెప్పింది.

"అంటే ఈరమ్మ వచ్చి నీ మడిలో నాటాల" అంది.

హనుమంతప్ప నడక ఆపేశాడు.

"ఆయమ్మ రాదు పెద్దమ్మా. మూడేండ్లాయ, నాతో మాట్లాడక."

అప్పుడు చెప్పాడు. మెట్లు తవ్వేటప్పుడు పై మడిలో ఒక బండ అడ్డం వచ్చింది. గునపంతో దాన్ని కదిలించింది హనుమంతప్ప. కింద ఈరమ్మ మొగుడు మన్ను ఎత్తుతున్నాడు. బండ తొడ మీద పడింది. ఇరవై రోజులు ఆదోని ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

"పక్కకు పో అని అరిసినా. గాలికి ఇనపడలే. ఇనపడేదాకా ఆగాల్సింది. నేను ఆగలే" అన్నాడు. రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

అమ్మ పక్కనే కూర్చుంది. "అయినా ఆమే నాటాల బావూ. ఇంకెవులు నాటినా లాభం లేదు" అంది. ఆ క్షణంలో అమ్మ మీద నాకు కోపం వచ్చింది. పరాయి ఊరికి వచ్చి ఒకరి పుండులో వేలు పెట్టడం ఏమిటనిపించింది. మిగతా దారంతా ఆమెను వదిలి ముందు నడిచాను.

నాట్ల రోజు

ఈరమ్మ ఇంటికి అమ్మ ఒక్కతే వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. తిరిగి వచ్చి, "సెప్పాల్సింది సెప్పినాను" అని మాత్రం అంది.

పొద్దు పొడవక ముందే, వాళ్ళు ముందుగా పోసి ఉంచిన నారుమడిలో నీళ్ళు పెట్టి, నారు పీకి, వేళ్ళ బురద నీళ్ళలో జాడించి కట్టలు కట్టారు. ఆడవాళ్ళు పై మడిలో వరుసగా నిలబడ్డారు. అమ్మ చీర ఎగదోపుకుని అందరికన్నా ముందు దిగింది. ఎడమ ముంజేతి మీద నారుకట్ట. కుడిచేతి బొటనవేలు, రెండు వేళ్ళ మధ్య రెండు మూడు మొక్కలు. బొటనవేలి గోరు మునిగేంత లోతే. నాటి వదిలేయడం, తొక్కడం లేదు, నొక్కడం లేదు. గట్టుకు ఎదురుగా నిలబడి వెనక్కి అడుగులు వేస్తూ కొండ వైపు జరగడం. గట్టు వారన మాత్రం రెండు వరుసలు ఒత్తుగా, వేళ్ళు మన్నును పట్టి ఉంచేలా. మొదట వాళ్ళకు నమ్మకం కుదరలేదు. మొక్కలు నీళ్ళలో తూలుతూంటే ఒకావిడ చూడలేక మడమ ఎత్తింది. అమ్మ ఆమె మోకాలు పట్టుకుని ఆపింది. అందరూ నవ్వారు. ఆ రోజు వినిపించిన నవ్వు అదొక్కటే.

మధ్యాహ్నానికి ఎనిమిది మళ్ళూ పచ్చబడ్డాయి. తొమ్మిదోది ఉత్త బురదగా ఉంది. నారు వాడిపోతోందని, మేము నాటేస్తామని ఇద్దరు ముగ్గురు దిగబోయారు. అమ్మ వాళ్ళను గట్టు దాటనివ్వలేదు. హనుమంతప్ప, ఆయన భార్య దూరంగా నిలబడ్డారు. తొమ్మిది ఇళ్ళ తిండిగింజలు ఒక మనిషి రాక మీద ఆగి ఉన్నాయి. నేను మాటిమాటికీ ఊరి దారి చూశాను.

ఈరమ్మ ఎండ దిగుతూంటే వచ్చింది. బక్కపలచటి మనిషి. గట్టు మీద నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "నాటుతా. ఎవురూ నాతో మాట్లాడాకండి" అంది. ఒంటరిగా దిగి, అమ్మ ఆమె ఇంట్లో చెప్పినట్టే, చీకటి పడేలోగా ఆ మడంతా నాటింది. ఒక్క వరుస వంకర పోలేదు. నాటి, కాళ్ళు వంకలో కడుక్కుని వెళ్ళిపోయింది.

నీళ్ళు తగ్గిన రోజులు

మూడోనాడు కాలువకు కాపలా ఉండే లస్కరు వచ్చి చెప్పిపోయాడు. పైన ఎక్కడో గట్టు తెగింది, వారం రోజులు నీళ్ళు పలచగా వస్తాయి. ఆ సాయంత్రానికే కాలువలోంచి చేతివేలంత ధార పడుతోంది. అది ఈరమ్మ మడికే సరిపోయేది. ఆమె తన మడవను మన్నుతో మూసేసింది. తప్పు పట్టలేం. ఎవరైనా చేసే పనే అది.

ఇంకో రెండు రోజులకు కింది మడి బురద గట్టిపడి, నారు కొసలు పసుపుపచ్చగా తిరిగాయి. నేను ఈరమ్మ దగ్గరకు పోయి అడుగుతానన్నాను.

"ఎవులూ అడక్కూడదు" అంది అమ్మ. "అడిగీసినాక ఆ పద్ధతికి ఇలువేటి? ఆమెకు తోచాల."

"తోచకపోతే?"

"తోచకపోతే పోద్ది" అంది. అమ్మ గొంతు అంత నీరసంగా ఎప్పుడూ వినలేదు. ఆమెకూ భయంగానే ఉంది.

మరునాడు పొద్దున్నే అందరం గట్ల మీద ఉన్నాం. ఊళ్ళో కొందరు గునపాలు తెచ్చుకున్నారు, ఈ మళ్ళు మనకు అచ్చిరావు, ఇప్పుడే తవ్వేసి జొన్న అదనుకు అందుకుందామని. హనుమంతప్ప తన మడి గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. వద్దని అనలేదు.

ఈరమ్మ పైనుంచి దిగి వచ్చింది. గునపాల వాళ్ళను దాటుకుంటూ తొమ్మిదో మడి దాకా నడిచి, దిగి, ఒక దుబ్బు మొదట్లో వేలితో మన్ను తీసి చూసింది. తెల్లటి కొత్త వేరు కనిపించింది. మళ్ళీ మన్ను కప్పింది. తరువాత గట్లన్నీ ఎక్కి, తన మడి మూలన సలికె, అదే పార, దించి, మడవను రెండు వేట్లకు తెంచేసింది. ఆమె మడిలో నిలిచిన నీళ్ళన్నీ కిందికి దూకాయి.

హనుమంతప్ప పరుగెత్తుకుంటూ పైకి పోయాడు. వెనకే నేను.

"అక్కా, నీ మడి ఎండిపోతాది! కొంచెం ఆపుకో" అన్నాడు. మూడేళ్ళ తరువాత ఆమెతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఈరమ్మ సలికె వదల్లేదు.

"నీకని ఇడవలే" అంది. "మా ఇంటాయప్ప ఈడనే పడినాడు. ఈ మళ్ళు తవ్వేస్తే ఆయప్ప ఊరికే సచ్చినట్ల కదా. నా సేత్తో నాటిన నారు ఆడ పసుపు తిరుగుతాంటే నేను ఈడ నీళ్ళు కట్టుకుని కూసోవల్లనా?"

ఆమె ఏడ్వలేదు. ఏడ్చింది హనుమంతప్ప. గునపాలు తెచ్చినవాళ్ళు వాటిని అక్కడే పెట్టి, మడవల్లో చెత్త తీయడానికి దిగారు. నీళ్ళు మూల నుంచి మూలకు తిరుగుతూ ఒక్కొక్క గట్టే దిగి, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు చివరి మడిలోకి చేరాయి. నేనూ కొత్త చెప్పులు విప్పి మడవ దగ్గర మన్ను తోడాను. అమ్మ మీద కోపం పెట్టుకున్నందుకు ఆ రోజు ఆమెకు క్షమాపణ చెప్పాను. ఆమె నా చేతికి ఇంకో తట్ట అందించి, మన్ను ఎత్తమంది.

ఇంటికి వచ్చాక

మార్గశిరంలో మా బావమరిది ఉత్తరం రాశాడు. చివరి మడి బాగా పండింది. ఈరమ్మ మడిలో మూడో వంతు ఎండిపోయింది. తక్కిన ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తలో చేటెడు వడ్లు ఆమె గాదెలో పోశారు. ఆమె వద్దనలేదు. ఈ ఏడు ఆ ఇళ్ళలో ఎవరూ సుగ్గికి పోలేదు.

కొత్త బియ్యం మొదట ఈరమ్మ ఇంట్లో వండారట. హనుమంతప్ప పిలవకుండానే వెళ్ళి, గడప అవతల నేల మీద కూర్చున్నాడట. ఆమె లోపలికి రమ్మనలేదు. పెద్దలు రమ్మని చెప్పమన్నా చెప్పలేదు. అన్నం కంచంలో పెట్టుకుని తానే గడప దాటి వచ్చి, ఆయన ముందు పెట్టి, ఆయన తినేదాకా అక్కడే నిలబడిందట.